గానుగ నూనె కొట్టు: ఉన్న డబ్బంతా ఫ్లెక్సీలకు పోసేశాను, ఇప్పుడు అమ్మకం పెంచేది ఎలా?

ప్రొద్దుటూరు_గానుగ
పోయిన దసరాకు కట్టె గానుగ పెట్టి నూనె కొట్టు తెరిచాను. ప్రొద్దుటూరు దసరా చూసినవారికి చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. ఆ జనాన్ని తలచుకొని ఆశపడి 12 ఫ్లెక్సీలు కట్టించాను. 18,000 అయింది. విజయదశమి మరునాటికే వాటి మీద ఎవరివో పుట్టినరోజు ఫ్లెక్సీలు వెలిశాయి. తర్వాత దినపత్రికల్లో పెట్టి పంచే కరపత్రాలకు 6,000, ఫేస్‌బుక్ ప్రకటనకు 4,500. లైకులు బాగానే వచ్చాయి. తీరా చూస్తే సగానికి పైగా బెంగళూరు, హైదరాబాద్ వాళ్ళవి. వాళ్ళు లైకు కొడతారు గానీ లీటరు నూనె కోసం బస్సెక్కి రారు కదా.

ఇప్పుడు రోజుకు సగటున 5 లీటర్లు పోతోంది. అద్దె, కరెంటు, గానుగ దగ్గర మనిషి జీతం పోగా మిగిలేది ఇంట్లో చెప్పుకోలేనంత. వేరుశెనగ నూనె లీటరు 380కి ఇస్తున్నాను. వచ్చినవాళ్ళు ధర అడుగుతారు, "అమ్మో" అంటారు, ప్యాకెట్టు నూనె ధర నాకే చెప్పి వెళ్ళిపోతారు. మొదటి నెల పది శాతం తగ్గించి ఇచ్చాను, అప్పుడు వచ్చినవాళ్ళు తగ్గింపు అయిపోగానే మాయమయ్యారు. ఇకమీదట నెలకు 3,000 మించి ఖర్చు పెట్టలేను. ఏం చేయమంటారు?

పాత_ఫ్లెక్సీ
ఒక్క సందేహం. ఆ ఫ్లెక్సీలో నాయకుల ఫోటోలు ఎన్ని, నూనె సీసా ఎంత?

ప్రొద్దుటూరు_గానుగ
నాలుగు ఫోటోలు. సీసా కింద కుడి మూలన ఉంది. డిజైను మా బావమరిది చేయించాడు.

పాత_ఫ్లెక్సీ
అర్థమైంది. ఆ నలుగురూ ఒక్కో డబ్బా కొన్నా ఖర్చు తిరిగి వచ్చేది.

లెక్కల_మాస్టారు
రోజుకు 5 లీటర్లంటే నెలకు 150. నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్లు వాడతారనుకుందాం. అంటే మీ వ్యాపారం మొత్తం 50 ఇళ్ళ మీద నడుస్తోంది. మీకు హాయిగా జరగాలంటే రోజుకు 15 లీటర్లు పోవాలనుకోండి, ఇంకో 100 ఇళ్ళు కావాలి. అంతే. ఊరంతటికీ వినిపించేలా అరిచారు, మీకు కావలసింది మూడు వీధులు.

రెండు ప్రశ్నలు. ఆ 50 ఇళ్ళ పేర్లు, ఫోను నంబర్లు మీ దగ్గర ఉన్నాయా? దసరాకు మొదటిసారి కొన్నవాళ్ళలో ఎంతమంది రెండోసారి వచ్చారు?

ప్రొద్దుటూరు_గానుగ
పేర్లు లేవు మాస్టారూ, ముఖాలు గుర్తుపడతాను. రెండో దానికి లెక్క లేదు.

లెక్కల_మాస్టారు
అదీ సంగతి. ముందు రెండో దాని జవాబు తెలుసుకోండి. మొదటిసారి కొన్నవాళ్ళు తిరిగి రాకపోతే, కొత్తవాళ్ళను తెచ్చుకోవడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.

నంద్యాల_రైతు
నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోవద్దు. మా దగ్గర బుడ్డలు, అదే వేరుశెనగ, కొనేటప్పుడు తేమ ఉందని, తాలు ఉందని కిలోకు రూపాయి రూపాయి కోస్తారు. అదే గింజ నూనె అయ్యేసరికి 380 ఎలా అయింది? జనం "అమ్మో" అనడంలో తప్పేముంది?

ప్రొద్దుటూరు_గానుగ
అన్నా, నాకు కదిరి వైపు నుంచి వచ్చే గింజలు ఏరి తెచ్చేసరికి కిలో 130 పడుతోంది. కట్టె గానుగలో లీటరు నూనె దిగాలంటే రెండున్నర కిలోలు కావాలి. పెద్ద మిల్లుల్లో చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, మిగిలిన నూనెను కూడా సాల్వెంటు అనే రసాయనం పెట్టి లాగుతారు, నా గానుగకు ఆ శక్తి లేదు. గింజలకే 325 అయింది. చెక్క కిలోన్నర దాకా వస్తుంది, పాడి రైతులకు కిలో 40కి ఇస్తే దాదాపు 60 తిరిగి వస్తుంది. అంటే 265. ఆపైన సీసా, జీతం, కరెంటు, అద్దె. నూనె తేటపడడానికి మూడు రోజులు ఉంచితే అడుగున మడ్డి దిగుతుంది, అదీ నష్టమే. మీరే చెప్పండి, నేను దోచుకుంటున్నది ఎక్కడ?

నంద్యాల_రైతు
ఇది బోర్డు మీద రాశారా?

ప్రొద్దుటూరు_గానుగ
లేదు. బోర్డు మీద "స్వచ్ఛమైన, సంప్రదాయ, ఆరోగ్యకరమైన" అని ఉంది.

నంద్యాల_రైతు
అది ప్యాకెట్టు మీద కూడా ఉంటుంది. మీరు ఇప్పుడు రాసిన నాలుగు వాక్యాలు నన్ను ఒప్పించాయి. వాటినే నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి గుమ్మంలో పెట్టండి. గింజ ధర మారినప్పుడల్లా చెరిపి రాయండి. సుద్దముక్కల పెట్టె ఎంతవుతుంది?

బెజవాడ_చీరలు
నేను ఒప్పుకోను. కొనుగోలు ధర ఎవరైనా గుమ్మంలో రాసుకుంటారా? చీర మీద నాకెంత పడిందో రాస్తే నా కొట్టుకు వచ్చేది బేరమాడడానికే. "265 కదా, 300కి ఇవ్వు" అంటారు, చూడండి.

నంద్యాల_రైతు
చీర వేరు తల్లీ. చీరను పక్క కొట్టు చీరతో పోలుస్తారు. ఈయన నూనెను ఇందులో సగం ధర ఉన్న ప్యాకెట్టుతో పోలుస్తున్నారు. సగం ధర తేడా ఎందుకో చెప్పకపోతే దొంగ అనుకుంటారు.

లెక్కల_మాస్టారు
మధ్యేమార్గం ఒకటి ఉంది. రూపాయలు రాయకండి, గింజలు చూపించండి. పారదర్శకంగా ఉండే జాడీలో రెండున్నర కిలోల గింజలు పోసి, పక్కన లీటరు సీసా పెట్టండి. మధ్యలో సమానం గుర్తు. గింజ ధర ఎంతో మీ ఊళ్ళో ప్రతి ఇల్లాలికీ తెలుసు, లెక్క ఆవిడే వేసుకుంటుంది.

బెజవాడ_చీరలు
ఇది బాగుంది. ఇదే వీడియో కూడా తీయండి. గానుగలో రోకలి తిరుగుతూ ఉంటే సన్నని ధారగా నూనె దిగడం చూడముచ్చటగా ఉంటుంది. దానికి పాటలు, మెరుపులు అక్కరలేదు, గానుగ కిర్రుమనే శబ్దం అలాగే ఉంచండి. డబ్బు పెట్టి ఊరూరా చూపించకండి, మీ ఊరి పేరు పెట్టి ఊరికే పెట్టండి చాలు.

కిరాణా_వారసుడు
మాస్టారు అడిగిన పేర్ల సంగతికి వస్తాను, నా మటుకు అసలు విషయం అదే.

మా నాన్న కొట్టులో ఒక ఖాతా పుస్తకం ఉండేది. అప్పుల పుస్తకం కాదు, అది వేరే. ఇందులో పేరు, వీధి, ఏం కొన్నారు, ఏ తేదీన కొన్నారు, ఇంతే. చివరి గడి ఖాళీగా ఉంచేవారు. రెండోసారి వచ్చినప్పుడు ఆ తేదీ అక్కడ వేసేవారు. మూడుసార్లు వచ్చేసరికి ఆ ఇంట్లో బియ్యం బస్తా ఎన్ని రోజులు వస్తుందో ఆయనకు తెలిసిపోయేది. బస్తా అడుగంటే రెండు రోజుల ముందు కుర్రవాడిని పంపి "పెద్దమ్మా, కొత్త బియ్యం వచ్చాయి, ఒక బస్తా పక్కన పెట్టమంటారా అని నాన్న అడగమన్నారు" అనిపించేవారు. ఆ కుర్రవాణ్ణి నేనే.

మీకు ఇంకా తేలిక. ఒక ఇంట్లో లీటరు 11 రోజులు వస్తుంది, ఇంకో ఇంట్లో 20 రోజులు. రాసుకోండి. అయిపోయేందుకు మూడు రోజుల ముందు ఒక మెసేజ్: "అమ్మా, మీ నూనె అయిపోవచ్చి ఉంటుంది. గురువారం ఆడిస్తున్నాను, రెండు లీటర్లు పక్కన పెట్టమంటారా?" ప్రకటన పంపకండి, ప్రశ్న పంపండి. ప్రకటనను చూసి వదిలేస్తారు, ప్రశ్నకు "పెట్టండి" అనో "ఇంకా ఉంది" అనో జవాబు వస్తుంది. "ఇంకా ఉంది" అన్నా లాభమే, గడిలో తేదీ సరిదిద్దుకోవచ్చు.

తిరిగి రానివాళ్ళు ఎందుకు రావడం లేదంటే, చాలాసార్లు నూనె నచ్చక కాదు. శనివారం రాత్రి నూనె అయిపోతుంది, పిల్లవాణ్ణి సందు చివరి కొట్టుకు పంపి ప్యాకెట్టు తెప్పిస్తారు. అది అయ్యేసరికి మీరు గుర్తుండరు.

మసాబ్‌ట్యాంక్_మనిషి
మా ఇంట్లో నూనె ఎంత ఉందో కొట్టాయనకు తెలుసంటే నాకు కొంచెం భయంగా ఉంది.

కిరాణా_వారసుడు
పాలవాడికి మీ ఇంటికి చుట్టాలు ఎప్పుడు వచ్చారో కూడా తెలుసు. మేము నూనె దగ్గరే ఆగాము.

ఓరుగల్లు_దర్జీ
వాట్సాప్ గురించి నా అనుభవం. మొదట గ్రూపు పెట్టాను. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు నుంచి శుభోదయం బొమ్మలు. ఆరో రోజు ఒకావిడ చంక దగ్గర బిగుతైన జాకెట్టు ఫోటో పెట్టి "ఇదేనా మీ పనితనం" అని 90 మంది ముందు అడిగింది. తప్పు నాదే, కుట్టు విప్పి సరిచేసి ఇచ్చాను. కానీ ఆ సంగతి 90 మందికి తెలియనక్కరలేదు. గ్రూపు మూసేశాను.

ఇప్పుడు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడుతున్నాను. అందరికీ ఒకేసారి వెళుతుంది, ఎవరికి వారికి విడిగా వచ్చినట్టు ఉంటుంది. ఒక జాబితాలో 256 మంది దాకా పడతారు. మెలిక ఏమిటంటే, మీ నంబరు వాళ్ళ ఫోనులో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. ఇది తెలియక ఆరు నెలలు గాలికి పంపాను. ఇప్పుడు కొలతలు తీసుకొనేటప్పుడే "కుట్టడం అయితే మెసేజ్ వస్తుంది, నంబరు సేవ్ చేసుకోండమ్మా" అంటాను. నా ముందే చేసుకుంటారు. "ఆఫర్లు పంపుతాను" అంటే ఒక్కరూ చేసుకోరు.

వ్యాపారులకు ఇచ్చే వాట్సాప్ యాప్ వేరే ఉంది, ఉచితమే. అందులో సరుకుల ఫోటోలు, ధరలు పెట్టుకోవచ్చు. దర్జీ పనికి నాకు పెద్దగా ఉపయోగపడలేదు, మీకు పడవచ్చు.

బెజవాడ_చీరలు
గ్రూపు అంటే అంత భయం వద్దు. అడ్మిన్లు మాత్రమే రాసేలా అమర్చుకోవచ్చు, జాకెట్టు ఫోటోలు రావు. నాకు గ్రూపులోనే అమ్మకం ఎక్కువ. ఒకరు "నీలం రంగు నాకు" అంటే పక్కవారికి ఆత్రం పుడుతుంది.

ఓరుగల్లు_దర్జీ
అడ్మిన్లే రాస్తే "నీలం రంగు నాకు" అని ఎవరు అంటారు?

బెజవాడ_చీరలు
అమ్మే గంటసేపు తెరిచి, తర్వాత మూస్తాను. మీరు గ్రూపుకు కుట్లు వేయడం మరిచారు.

తాటిపర్తి_ఆవకాయ
నేను పదేళ్ళుగా పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నాను. మీరు చేసిన పొరపాటు ఒకటి కనిపిస్తోంది. నూనెను ఏడాది పొడుగునా ఒకేలా అమ్ముతున్నారు. నూనెకు కాలాలున్నాయి. మాఘం వెళ్ళింది, ఇంకో నెలా నెలన్నరలో ఆవకాయ మొదలవుతుంది. రోజూ కూరలో ప్యాకెట్టు నూనె పోసేవాళ్ళు కూడా, ఏడాదంతా నిలవ ఉండాల్సిన ఆవకాయ దగ్గరకు వచ్చేసరికి నూనె మీద రాజీ పడరు. మా గోదావరి వైపు పప్పునూనె, అంటే నువ్వుల నూనె. మీ వైపు శెనగ నూనె. ఆ ఒక్క నెలలో ఒక్కో ఇంటికి మూడు నాలుగు కిలోలు కొంటారు.

ఇప్పుడే మొదలుపెట్టి, కారం పట్టించే మిల్లు దగ్గర, ఆవపిండి అమ్మే కొట్టు దగ్గర చిన్న అట్ట మీద మీ పేరు రాసి ఉంచమనండి. ఆవకాయ పెట్టే ప్రతి ఇల్లాలూ వాళ్ళ గుమ్మం తొక్కాల్సిందే. వాళ్ళ పేరు మీరూ మీ కొట్టులో ఉంచండి. రూపాయి ఖర్చు లేదు.

అలాగే కార్తీకంలో దీపాల నూనె. మడ్డి కలిసిన అడుగు నూనె నష్టమని రాశారు కదా, అది తేర్చి దీపాల నూనెగా వేరే సీసాలో, "దీపారాధనకు మాత్రమే" అని రాసి అమ్మండి.

ప్రొద్దుటూరు_గానుగ
మడ్డి నూనె ఇన్నాళ్ళూ ఊరికే ఇచ్చేస్తున్నాను.

తాటిపర్తి_ఆవకాయ
ఊరికే ఇచ్చిన దానికి విలువుండదు నాయనా.

డాలస్_కోడలు
అమెరికా పంపుతారా? మా అత్తగారు పోయినసారి గానుగ నూనె సీసా చీరల మధ్య పెట్టుకొని వచ్చారు. మూత ఊడింది. సూట్‌కేసు తెరిస్తే రెండు పట్టు చీరలు, సున్నుండలు, అన్నీ నువ్వుల నూనెలో తేలుతున్నాయి. సున్నుండలు మాత్రం బాగున్నాయి.

పాత_ఫ్లెక్సీ
ఆయన ముందు మూడు వీధులకు చేరనివ్వండి, డాలస్ తర్వాత.

ముషీరాబాద్_ఆడిటర్
ఎవరూ అడగలేదు గానీ చెబుతున్నాను. బోర్డు మీద "ఆరోగ్యకరమైన" తర్వాత ఇంకేమైనా ఉందా?

ప్రొద్దుటూరు_గానుగ
"కొలెస్ట్రాల్ లేదు. గుండె జబ్బులు రావు. షుగరు అదుపులో ఉంటుంది."

ముషీరాబాద్_ఆడిటర్
రెండోది, మూడోది ఈ రోజే చెరిపేయండి. తినే పదార్థం రోగాన్ని నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని ప్రకటించుకోకూడదు. ఆహార ప్రకటనల మీద 2018లోనే నిబంధనలు వచ్చాయి. మొదటిది నిజమే గానీ గొప్పేమీ కాదు, గింజల నుంచి తీసిన ఏ నూనెలోనైనా కొలెస్ట్రాల్ ఉండదు, మీ పక్కనున్న ప్యాకెట్టులో కూడా ఉండదు.

సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) వారి 14 అంకెల నంబరు, తయారీ తేదీ, ఎన్నాళ్ళు వాడవచ్చో, చిరునామా, గరిష్ఠ ధర, పరిమాణం ఉన్నాయా? లీటరు అని రాసి పక్కన బరువు కూడా వేయండి, లీటరు వేరుశెనగ నూనె 910 గ్రాముల చుట్టూ తూగుతుంది. "కిలో అడిగితే లీటరు ఇచ్చి మోసం చేశాడు" అనే మాట రాదు.

ఇంకొకటి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే చేయించుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. చేసిపెడతామని డబ్బు అడిగేవాళ్ళ దగ్గరకు వెళ్ళకండి.

ఓరుగల్లు_దర్జీ
ఇది ముందే చెబితే నాకు 1,500 మిగిలేవి.

ప్రొద్దుటూరు_గానుగ
నంబరు, తేదీ ఉన్నాయి. బరువు లేదు. ఇద్దరు ముగ్గురు నిజంగానే కిలో, లీటరు అని గొడవ పడ్డారు. ఒక సంగతి అడగాలి. రైతులు సొంత గింజలు తెచ్చి ఆడించి ఇవ్వమంటున్నారు. కూలీ మాత్రమే వస్తుంది, పైగా నా గానుగ గంటసేపు ఆగిపోతుంది. వద్దని పంపేస్తున్నాను. సరేనా?

నంద్యాల_రైతు
ఎంత పని చేశారు! మీ కొట్టులో గంటసేపు కూర్చొనే మనిషిని వెనక్కి పంపారా? వాడు తన గింజ తన కళ్ళ ముందే నూనె కావడం చూస్తాడు. ఊరికి వెళ్ళి రచ్చబండ దగ్గర చెబుతాడు. ఆ మాటకు మీ 12 ఫ్లెక్సీలు సరిరావు.

కడియం_కొబ్బరి
తొందరపడకండి. నేను కొబ్బరి గానుగ నడుపుతున్నాను. బయటి సరుకు ఆడిస్తే తలనొప్పులు వేరే ఉంటాయి. ముందు ఆడించినవారి నూనె రోటి అడుగున ఎంతో కొంత మిగులుతుంది, వెనక వచ్చినవారి దానిలో కలుస్తుంది. "నాకు తక్కువ దిగింది, నువ్వు ఉంచుకున్నావు" అంటారు. బూజు పట్టిన గింజలు తెస్తారు, అవి ఆడిస్తే నూనె చేదు, గానుగకు వాసన, తినేవారికి విషం. కూలీ డబ్బులకు అంత యాతన ఎందుకు?

నంద్యాల_రైతు
బూజు గింజలు వద్దని చెప్పండి. ఆ మాత్రం చెప్పలేమా?

కడియం_కొబ్బరి
చెప్పి చూడండి. ఇంటి పెరట్లో కాచిన కొబ్బరికాయకు బూజు ఉందంటే, ఇంటి ఆడపిల్లకు వంక పెట్టినట్టే.

లెక్కల_మాస్టారు
వారంలో ఒక్క రోజు పెట్టండి. కనీసం ఇన్ని కిలోలు అని గిరి గీయండి, తూకం వాళ్ళ ముందే, చెక్క వాళ్ళదే. నెల చూసి నచ్చకపోతే మానేయండి. పోయేదేముంది?

రాయచోటి_వదిన
అసలు మీ నూనె రుచి ఎవరైనా చూశారా? నూనెను చెంచాతో తాగలేం. ఆదివారం పొద్దున వేడి ఇడ్లీలు నాలుగు డజన్లు పెట్టండి. మన పప్పుల పొడి ఒక గిన్నెలో, మధ్యలో గుంట చేసి మీ నూనె పోయండి. వాకింగుకు వెళ్ళి వచ్చేవాళ్ళను పిలిచి ముక్క చేతికివ్వండి. ఆ వాసన తగిలాక "అమ్మో" అనరు.

పాత_ఫ్లెక్సీ
చిరునామా పంపండి, రుచి చూడడానికి నేను సిద్ధం.

మసాబ్‌ట్యాంక్_మనిషి
గూగుల్ మ్యాప్‌లో కొట్టు ఉందా? ఉచితమే. నేను మొన్న ఆ వైపు పని మీద వచ్చి "గానుగ" అని వెతికితే ఒక పళ్ళ డాక్టరు గుమ్మం ముందుకు తీసుకువెళ్ళింది.

ప్రొద్దుటూరు_గానుగ
అయ్యో, అది నాదే. గుర్తు తప్పు సందులో పడింది. డాక్టరు గారు నెల నుంచి కోపంగా ఉన్నారు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

కిరాణా_వారసుడు
సరిచేయండి. కొట్టు ముందు భాగం ఫోటో, తెరిచే వేళలు పెట్టండి. బాగుందన్నవాళ్ళను అక్కడే నాలుగు మాటలు రాయమని అడగండి. డబ్బులో, తగ్గింపో ఇచ్చి రాయించుకోవద్దు, దాన్ని గూగుల్ ఒప్పుకోదు, తొలగిస్తుంది.

మరో హెచ్చరిక. అమ్మకం పెరగాలనే ఆత్రంలో హోటళ్ళకు అప్పు మీద పోయకండి. ఒక హోటలాయన మొదటి రెండు డబ్బాలకు రొక్కం ఇచ్చి నమ్మకం కుదిర్చాడు. మూడోసారి 40 లీటర్లు "నెలాఖరుకు ఇస్తాను" అన్నాడు. ఏ నెలాఖరో చెప్పలేదు.

ప్రొద్దుటూరు_గానుగ
(మూడు వారాల తర్వాత)
అందరికీ రుణపడి ఉన్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మ్యాప్ గుర్తు సరిచేశాను. డాక్టరు గారు లీటరు కొన్నారు.

గింజల జాడీ, సీసా, మధ్యలో సమానం గుర్తు పెట్టాను. దాని కింద ఏమీ రాయలేదు. ఇప్పుడు ధర విన్నాక జాడీ వైపు చూస్తున్నారు, తర్వాతే మాట్లాడుతున్నారు. అందరూ కొంటున్నారని చెప్పను. "అమ్మో" మాత్రం తగ్గింది.

పుస్తకం పెట్టాను. 61 ఇళ్ళు ఎక్కాయి. అయిపోవచ్చింది అనుకున్న 23 ఇళ్ళకు ప్రశ్న పంపాను. 14 మంది పక్కన పెట్టమన్నారు, ఆరుగురు ఇంకా ఉందన్నారు, ఇద్దరు జవాబివ్వలేదు. ఒకావిడ "మా ఆయనకు డాక్టరు నూనె తగ్గించమన్నారు, ఇక నెలకు లీటరే" అంది. ఆవిడ గడి మార్చాను. ఒక్క పైసా ఖర్చు లేకుండా 14 ఇళ్ళు! దసరాకు నేను చేసిన పని తలచుకుంటే నవ్వు వస్తోంది.

మంగళవారం ఆడించి ఇవ్వడం మొదలుపెట్టాను. కడియం ఆయన చెప్పినట్టే అయింది. రెండో వారమే ఒకాయన బస్తా తెచ్చాడు. దోసెడు తీసి చూస్తే గింజల మీద పచ్చగా బూజు. గానుగలో పోయనన్నాను. "నా గింజలు, నా ఇల్లు తినేది, నీకెందుకు" అన్నాడు. అయినా పోయనన్నాను. తిట్టుకుంటూ బస్తా బండికి ఎత్తుకొని వెళ్ళిపోయాడు. బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు తమ వంతు కోసం కూర్చొని ఇదంతా చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ లేచి వచ్చి "మీరు అమ్మే నూనెకు కూడా ఇలాగే ఏరతారా?" అని అడిగింది. ఏరి పారేసిన తాలు గింజల తట్ట చూపించాను. ఇద్దరూ చెరి రెండు లీటర్లు తీసుకున్నారు, సొంత గింజలు ఆడించుకోవడానికి వచ్చినవాళ్ళు! ఆ తట్ట ఇప్పుడు లోపల పెట్టడం లేదు, జాడీ పక్కనే ఉంచుతున్నాను.

కడియం_కొబ్బరి
ఆ తట్ట నేనూ బయట పెడతాను.

లెక్కల_మాస్టారు
రోజుకు ఎంత అయింది?

ప్రొద్దుటూరు_గానుగ
8 నుంచి 9. మంగళవారం 12 దాకా వెళుతోంది. 15 ఇంకా దూరమే. ఆవకాయల నెల చూడాలి, కారం మిల్లులో అట్ట పెట్టించాను.

రాయచోటి_వదిన
నా ఇడ్లీల సంగతి ఎగ్గొట్టారేమిటి?

ప్రొద్దుటూరు_గానుగ
చెప్పడానికి మొహమాటంగా ఉంది వదినా. రెండు ఆదివారాలు పెట్టాను. ఇడ్లీలు గంటలో ఖాళీ. జనం కూడా బాగా మూగారు. నూనె అమ్ముడుపోయింది మూడు లీటర్లు. మిగతా అందరూ అడిగింది ఒకటే, "ఆ పొడి ఎంత?" అని. మా ఆవిడ మొన్న ఐదు కిలోలు కొట్టింది, అదీ అయిపోయింది.

ముషీరాబాద్_ఆడిటర్
పొడి అమ్మేటట్టయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌లో అది కూడా చేర్పించండి.

పాత_ఫ్లెక్సీ
పొడికి ఫ్లెక్సీ వేయించాలంటే చెప్పండి, ఈసారి ఫోటో మీ ఆవిడది పెడదాం.

డాలస్_కోడలు
పొడి అయితే సూట్‌కేసులో కారదు. కిలో ఎంత?